పనసగుడ ఊట నీళ్లు

పనసగుడలో ఎవరికైనా జ్వరమొస్తే ముందు సోములమ్మకి చెప్పాలి. ఆ తర్వాతే దేవుడికైనా. ఇది ఊళ్లో పెద్దలు పెట్టిన కట్టుబాటు కాదు, సోములమ్మ తనంతట తాను పెట్టుకున్నది. ఫలానా ఇంట్లో మనిషి లేవలేదని తెలిసి, తనకి కబురు రాకపోతే, పిలవకుండానే వెళ్లేది. గుమ్మం దగ్గర నిలబడి నోట్లోంచి చుట్ట తీసి, "ఏటి, నాను సచ్చిపోనాననుకున్నారా?" అనేది. ఆ చుట్ట కూడా మామూలుగా కాల్చేది కాదు, నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. నిప్పునే నోట్లో దాచుకునే ఆడదాని ముందు జ్వరం ఏపాటిదని ఆమె మొగుడు బుధు నవ్వేవాడు.

పనసగుడ బొర్రా స్టేషనుకి ఎగువన, రెండు కొండల నడుమ ముప్పై గడపల ఊరు. ఊరి పైన రాళ్ల సందులోంచి ఏడాది పొడుగునా సన్నగా ఊట దిగుతుంది. ఆ ఊట పక్కన దోమలు కూడా ఏడాది పొడుగునా ఉంటాయి. అందుకని పనసగుడలో జ్వరమంటే ఒక్కటే జ్వరం. పళ్లు టకటకలాడే చలితో వచ్చి, ఒళ్లంతా తిప్పి కొట్టి, చెమట పట్టించి దిగిపోయే జ్వరం. మలేరియా అనే పేరు తర్వాత వచ్చింది గానీ, దానితో సోములమ్మ పరిచయం పేరుకంటే పాతది.

ఆమె వైద్యానికి కావలసినవి పొయ్యిలో నిప్పు, తల్లి నుంచి వచ్చిన నల్ల గొంగడి. మనిషిని నిప్పు పక్కన పడుకోబెట్టి, ఆ గొంగడిని నెత్తి నుంచి పాదాల దాకా కప్పి, అంచులు ఒంటి కిందికి దోపేది. అడ్డాకులో పొట్లం కట్టినట్టుండేది. పైన గంటకోసారి నేలవేము కషాయం. నీళ్లు మాత్రం చుక్క ఇచ్చేది కాదు. నీళ్లు తాగితే చలి లోపలే కూర్చుండిపోతుందని ఆమె నమ్మకం. చెమట పట్టాక గొంగడి తీసి, అప్పుడు చెంబెడు ఊట నీళ్లు తన చేత్తో తాగించేది. చెమట గొంగడి వల్ల పట్టిందో, జ్వరం దాని దారిన అది దిగిందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆసుపత్రి వాళ్లు ఇచ్చిపోయిన చేదు బిళ్లల్ని కూడా మింగనిచ్చేది, పోనీలే, వాటికి మాత్రం కోపమెందుకు అన్నట్టు. బడి ఎగ్గొట్టడానికి దొంగ జ్వరం తెచ్చుకున్న పిల్లలైతే ఆ కషాయం గిన్నె చూడగానే పలక తీసుకుని పరిగెత్తేవారు. పనసగుడలో పంతులు వల్ల చదువుకున్నవాళ్ల కంటే సోములమ్మ వల్ల బడికెళ్లినవాళ్లే ఎక్కువ.

బుధు ఆమెకి పూర్తిగా వేరు తరహా. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళంతో ఉండేవాడు. ఎండాకాలం వచ్చేదాకా కొండచీపుర్లు కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి, కోట అని అందరూ పిలిచే శృంగవరపుకోటలో వీధి వీధి తిరిగి అమ్మేవాడు. తెల్లవారగానే భీమన్న జీపులో దిగి, మధ్యాహ్నం దాటాక అదే జీపులో ఎక్కేవాడు. దిగువ వాళ్లతో మాటలంటే అతనికి ఇష్టం, దిగువ సినిమా పోస్టర్లంటే ఇష్టం, దిగువ బెల్లం జిలేబీ అంటే మరీ ఇష్టం. ముట్టనిది దిగువ నీళ్లొక్కటే.

దానికి కారణముంది. కొండల మీదుగా కిరండూలు రైలు లైను వేస్తున్న రోజుల్లో బుధు అన్న కూలికి దిగువకి వెళ్లి, చెరువు నీళ్లు తాగి, జ్వరంతో తిరిగొచ్చి నాలుగో రోజున పోయాడు. పారని నీళ్లు కొండవాడు తాగకూడదని ఆనాడు వాళ్ల నాన్న చెప్పిన మాట బుధుకే కాదు, ఆ కొండల్లో సగం మందికి ఒంటబట్టిపోయింది. కోటకి దిగితే ఎవరి నీళ్లు వాళ్లు ఆనపకాయ బుర్రలో పట్టుకెళ్లడమే. బుర్ర అయిపోతే దాహం అణుచుకుని, ఊరికొచ్చాక ఊట దగ్గర వంగి తాగడమే. చలికాలంలో అది పెద్ద కష్టం కాదు.

ఇక ఎండ సంగతి. పనసగుడలో మే నెలలో కూడా సాయంత్రానికి ఒక జల్లు పడుతుంది, తెల్లవారుజామున కప్పుకోవడానికి ఏదో ఒకటి కావాలి. ఎండంటే చింతపండు ఆరబెట్టుకోవడానికి, ముసలివాళ్లు వీపు కాచుకోవడానికి ఉన్నది. ఎండకి మనుషులు చచ్చిపోతారంటే అక్కడ ఎవరూ నమ్మేవారు కాదు. వడదెబ్బ అనే మాట విని ఉంటారు గానీ, అది దిగువ వాళ్లకొచ్చే రోగమనీ, తమకి సంబంధం లేదనీ అనుకునేవారు.

తొంభై ఎనిమిది మే నెలలో చివరి చీపుర్ల మోపు మిగిలింది. ఆ రోజు ఇంటి కప్పు మీద గడ్డి వెయ్యాలని, వెళ్లొద్దని సోములమ్మ అన్నది. బుధు వినలేదు. అయితే రెండు బుర్రల నీళ్లు పట్టుకెళ్లమన్నది. రెండు బుర్రలు నడుముకి కట్టుకుని నడిస్తే ఒకదానికొకటి కొట్టుకుని డప్పులా మోగుతాయని, కోటలో పిల్లలు వెంటపడతారని బుధు నవ్వాడు.

"ఆడోళ్లకి సీపురు అమ్మడానికెల్తన్నానా, సిందెయ్యడానికెల్తన్నానా?" అన్నాడు.

"నీ మొకానికి ఏదైనా ఒకటే," అన్నది సోములమ్మ.

ఒక్క బుర్రతోనే వెళ్లాడు. పదిహేనేళ్ల బేబి, వాళ్ల ఒక్కగానొక్క కూతురు, జిలేబీ తెమ్మని వెనక నుంచి అరిచింది.

మధ్యాహ్నం నాలుగు గంటలకి భీమన్న, ఇంకో మనిషి కలిసి బుధుని మోసుకొచ్చారు. జీపు స్టాండులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగాడని, ఘాటు రోడ్డు పొడుగునా చచ్చిపోయిన అన్న పేరు పెట్టి తనని పిలుస్తూనే ఉన్నాడని భీమన్న చెప్పాడు. సోములమ్మ మొగుడి నుదుటి మీద చెయ్యి పెట్టింది. పెనం మీద పెట్టినట్టుంది. ఆమెకి భయం వెయ్యలేదు. వేరే ఏ ఇంట్లోనైనా ఏం చేసేదో అదే చెయ్యడం మొదలెట్టింది. బేబిని పొయ్యిలో కర్రలు ఎగదొయ్యమంది, అటక మీంచి గొంగడి దింపింది.

కానీ ఒక సంగతి ఆమె గమనించింది. అన్ని జ్వరాలు చూసిన మనిషి కనక గమనించకుండా ఉండలేదు. బుధు వణకడం లేదు. పళ్లు కొట్టుకోవడం లేదు. చంకలో కూడా తడి లేదు, ఒళ్లంతా ఎండిన అడ్డాకులా ఉంది. చలి లేని జ్వరం ఆమె ఎన్నడూ చూడలేదు. అందుకని చలి లేదని అనుకోలేదు.

"సలి లోపలికి దిగిపోనాది. పైకి లాగాల," అన్నది.

ఉన్న దుప్పటి కప్పి, దాని మీద గొంగడి కప్పింది. అంచులు ఎప్పటికంటే గట్టిగా దోపింది. పొయ్యిలో ఇంకో రెండు మొద్దులు పెట్టించింది. గుమ్మం దగ్గర గుంపుగా నిలబడ్డవాళ్లని గాలి రాకుండా తలుపు మూయమన్నది.

గొంగడిలోంచి బుధు నీళ్లడిగాడు. కుండ చేతికందే దూరంలోనే ఉంది. బేబి చెంబు ముంచబోతే సోములమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. సెమట పట్టనీ, ఇత్తాను అన్నది. కాసేపటికి మళ్లీ అడిగాడు. మూడోసారి అడిగినప్పుడు అతనికి కాస్త తెలివొచ్చినట్టుంది. పెళ్లాం ఎందుకివ్వడం లేదో తనకి తోచిన కారణం తాను అనుకున్నాడు.

"ఊట నీళ్లే గదే," అన్నాడు. "దిగువయి కావు."

"కాసేపు ఓర్సుకో, బేబి అయ్యా," అన్నది సోములమ్మ.

అతను ఓర్చుకున్నాడు. చెమట పట్టలేదు. పొద్దు కొండ వెనక్కి దిగేసరికి గొంగడి కింద కదలిక ఆగిపోయింది. సోములమ్మ మాత్రం ఇంకా కషాయం చల్లారబెడుతూనే ఉంది.

ఆమెని ఎవరూ తప్పు పట్టలేదు. తప్పు పట్టడానికి అందులో వాళ్లకేమీ కనిపించలేదు. బుధు దొంగతనంగా దిగువ నీళ్లు తాగి ఉంటాడని, అన్నలాగే పోయాడని ఊరు తీర్మానించింది. ఆ మాట సోములమ్మ పడనిచ్చేది కాదు. తన మొగుడు తాగలేదని, బుర్రలో తెచ్చుకున్నవే తాగాడని, కావాలంటే కొండదేవత ముందు ప్రమాణం చేస్తానని పోట్లాడేది. మరి ఎందుకు పోయాడంటే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఆలస్యంగా తెచ్చారు. ఒక్క గంట ముందు తెచ్చి తన చేతిలో పెట్టి ఉంటే లేపి కూర్చోబెట్టేది. ఐదేళ్ల పాటు భీమన్న ఎక్కడ కనపడినా ఆమె ఆ మాటే అనేది. నీది జీపు కాదు, ముసిలి దున్న అనేది. భీమన్న తల దించుకుని వినేవాడు. మొగుడు పోయిన ఆడదానికి ఎవరి మీదో ఒకరి మీద కోపముండాలని అతనికి తెలుసు.

ఆ ఐదేళ్లూ ఆమె జ్వరాలు చూస్తూనే ఉంది. అదే గొంగడితో. కాకపోతే కొంచెం తొందర ఎక్కువైంది, మనిషి తుమ్మినా వెళ్లి కప్పేసేది.

ఈ లోపల పనసగుడకి ఒక పోటీ డాక్టరు తయారైంది. పక్కింటి రాజకుమారి పదో తరగతి తప్పి, మూడు వారాల పాటు శిక్షణకి వెళ్లి, ఒక రేకు పెట్టెతో తిరిగొచ్చింది. పెట్టెలో బిళ్లలు, ఉప్పూ పంచదారా కలిపిన పొట్లాలు, దూది, ఒక జ్వరం పుల్ల ఉండేవి. ఊళ్లో ఆరోగ్యం చూసే మనిషివి నువ్వేనని గవర్నమెంటు వాళ్లు చెప్పారంది. సోములమ్మ పొగ వదిలి, చిన్నప్పుడు నువ్వు నా గొంగట్లో పడుకున్నప్పుడు ఆ గవర్నమెంటు ఎక్కడుందేటి అన్నది. నిజమే, చిన్నప్పుడు రాజకుమారి ఆ గొంగట్లో మూడుసార్లు మగ్గింది. ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉందని చెప్పుకునేది.

రెండువేల మూడు ఎండాకాలం పనసగుడలో కూడా జల్లు పడలేదు. ఊట మామూలుగా చిటికెన వేలంత ఉండేది, దారమంత అయిపోయింది. దిగువ ఎండకి జనం పడిపోతున్నారని రేడియోలో చెబుతున్నా, పనసగుడ ఆడవాళ్లు ఎప్పటిలాగే కోట పక్క జీడితోటల్లో పిక్కలు ఏరడానికి దిగారు. వాళ్లలో బేబి కూడా ఉంది. అప్పటికి ఆమెకి పెళ్లయి, ఫల్గుణ అనే మాటలు తక్కువ మనిషి ఇల్లరికం వచ్చి, రెండేళ్ల పాప కూడా ఉంది. ఆనపబుర్రలు పోయి ప్లాస్టిక్ సీసాలొచ్చాయి. సీసాలో ఊట నీళ్లు అయిపోతే దాహం అణుచుకోవడం మాత్రం తాతల నాటిదే.

పన్నెండున్నరకి బేబి తోటలో పడిపోయింది. ఆడవాళ్లు మోసుకొచ్చి జీపులో పడేశారు. భీమన్న ఇంకెవరి కోసమూ ఆగలేదు, ఘాటు రోడ్డు మలుపుల్లో అతను ఆ రోజు తోలినట్టు అంతకు ముందూ తోలలేదు, తర్వాతా తోలలేదు. రెండింటికల్లా సోములమ్మ గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు.

"ఈ పాలి ఆలీసమైందని అనకు అత్తా," అన్నాడు.

సోములమ్మ కూతురి నుదుటి మీద చెయ్యి పెట్టింది. అదే పెనం. మెడ కింద చెయ్యి పెట్టింది. అదే ఎండిన ఆకు. ఈసారి బేగి తెచ్చారు, ఈసారి తన చేతిలో టైముంది. అటక మీంచి గొంగడి దింపి, ఒకసారి దులిపి, కూతురి మీద కప్పింది. అంచులు దోపుతుండగా రాజకుమారి వచ్చి గొంగడి లాగేసింది.

సోములమ్మ మళ్లీ కప్పింది. రాజకుమారి మళ్లీ లాగింది. ఇద్దరు ఆడవాళ్లు చెరో కొస పట్టుకుని మనిషి మీదుగా గుంజుకుంటుంటే, గుమ్మంలో ఉన్నవాళ్లకి ఇది పోట్లాటో వైద్యమో అర్థం కాలేదు.

"సెమట నేదు అత్తా. వణుకు నేదు. సూడు," అంటోంది రాజకుమారి. "ఇది మన జొరం కాదు. వడదెబ్బ. సల్లబరసాల, బేగి."

"సలి లోపల ఉంది. నీకేటి తెలుసే గుంటా. నువ్వు పుట్టకముందు నుంచీ సూత్తన్నాను."

"లోపల ఉన్నది సలి కాదు, నిప్పు. నువ్వు నిప్పు మీద గొంగడి కప్పుతున్నావు."

ఆ మాటకి సోములమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణమే చాలింది. ఎన్నడూ ఎవరికీ ఎదురు చెప్పని ఫల్గుణ వంగి పెళ్లాన్ని రెండు చేతుల్తో ఎత్తుకుని, అత్తగారి పక్క నుంచే నడిచి, పొయ్యి పొగలోంచి బయటికి తీసుకెళ్లి పనసచెట్టు నీడలో పడుకోబెట్టాడు.

తర్వాత జరిగినదంతా సోములమ్మ గుమ్మంలో కూర్చుని చూసింది. గొంగడి ఆమె ఒళ్లోనే ఉంది. ఇంటింటి నుంచీ బిందెలొచ్చాయి. రాజకుమారి బేబి రవికె గుండీలు విప్పి, చీర వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తోంది. చంకల్లో, మెడ పక్కన తడిగుడ్డలు పెడుతోంది. ఫల్గుణ చేటతో విసురుతున్నాడు. పాప ఎవరి చంకలోనో ఏడుస్తోంది. దారమంత ఊట రోజంతా నింపిన నీళ్లన్నీ మట్టిలోకి ఇంకిపోతున్నాయి.

బేబి బతకాలి. సోములమ్మకి ఇంకో కోరిక లేదు, అక్కడి నుంచే కనపడని దేవతలందరికీ కోళ్లు మొక్కుతూనే ఉంది. కానీ మొక్కుతున్నకొద్దీ ఆమె చూపు ఒళ్లో ఉన్న గొంగడి మీదికి పోతోంది. బేబి ఈ నీళ్లతో, ఈ గాలితో, గొంగడి లేకుండా బతికితే, ఐదేళ్ల కింద ఇదే ఇంట్లో, ఇదే పొయ్యి పక్కన ఏం జరిగినట్టు? ఆ ప్రశ్న ఆమె అడగలేదు. అది దానంతటది వచ్చి పక్కన కూర్చుంది.

అరగంట గడిచాక బేబి కాలి వేళ్లు కదిలాయి. ఇంకాసేపటికి కళ్లు తెరిచి, "నీళ్లు," అన్నది.

అక్కడున్న ముప్పై గడపల జనమూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. రాజకుమారి పొట్లం చింపి ఉప్పూ పంచదారా నీళ్లలో కలిపి గరిటెతో కొంచెం కొంచెం తాగించింది. ఇంకా అన్నది బేబి. ఇంకా ఇచ్చింది. భీమన్న జీపు స్టార్టు చేశాడు, ఆసుపత్రిలో సెలైను పెట్టించాలని రాజకుమారి చెప్పింది. ఈ హడావిడిలో సోములమ్మ ఎప్పుడు లేచి ఇంటి వెనక్కి వెళ్లిందో ఎవరూ చూడలేదు. పాప మాత్రం వెతుక్కుంటూ వెళ్లింది. ముసలమ్మ గోడకి ఆనుకుని, నోట్లో ఆరిపోయిన చుట్టతో కూర్చుని ఉంది. పాప ఒళ్లో ఎక్కితే దించలేదు, పట్టుకోనూ లేదు.

బేబి మూడో రోజు నడుచుకుంటూ తిరిగొచ్చింది. వారం ఆగి సోములమ్మ ఒక గుమ్మడికాయ పట్టుకుని రాజకుమారి ఇంటికి వెళ్లింది. గుమ్మడికాయలు రాజకుమారి దొడ్లోనే కావలసినన్ని ఉన్నాయి. అయినా తీసుకుంది. కాసేపు పాప సంగతి, ఊట సంగతి మాట్లాడాక సోములమ్మ నేల చూస్తూ అన్నది.

"మీ మావకి గూడా సెమట పట్టనేదే."

రాజకుమారి రేకు పెట్టె తెరిచి ఏదో వెతకడం మొదలెట్టింది. బుధు పోయిన రోజు ఆమెకి పదమూడేళ్లు. తలుపు మూసేదాకా గుమ్మంలోనే నిలబడి చూసింది. శిక్షణలో వడదెబ్బ గురించి చెప్పిన రోజు భోజనం చెయ్యలేదు కూడా.

"మావది మలేరియా అత్తా," అన్నది పెట్టెలోకి చూస్తూనే. "బాగా ముదిరిపోనాది. ఎవులున్నా ఆగేది కాదు."

"మూడు వారాల్లో నీకు అబద్దం ఆడ్డం మాత్రం నేర్పనేదు," అన్నది సోములమ్మ.

రాజకుమారి ఏడ్చింది. సోములమ్మ ఏడవలేదు. ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, గుమ్మడికాయ ముదురుది, విత్తనాలు పారెయ్యకు అని చెప్పి లేచింది.

ఆ తర్వాత ఆమె ఎవరి జ్వరానికీ వెళ్లలేదు. పిలవడానికొస్తే, రాజకుమారి దగ్గరికి ఎల్లండి అనేది. ఊరికి ఏదో వెలితిగా ఉండేది. కషాయం భయం లేక బడికి పోయే పిల్లలు తగ్గారని పంతులు కూడా అన్నాడు. ఆ చలికాలం ఆమె గొంగడి కప్పుకోలేదు. పళ్లు కొట్టుకుంటూ గోడ పక్కన ముడుచుకుని పడుకునేది. పక్కిళ్ల పిల్లలు ఆ టకటక విని వెక్కిరిస్తే, లోపల చుట్ట కాలుతోంది, నాకు చలేటి అనేది. బేబి కప్పబోతే తోసేసేది. భీమన్నని తిట్టడం కూడా మానేసింది. అది అతనికి తిట్లకంటే కష్టంగా ఉండేది. ఒకసారి ఆమే జీపుకి అడ్డంగా నిలబడి, "నీ జీపు మంచిదే రా," అన్నది. భీమన్న హారను కొట్టాడు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. కోటలో సంత రోజున తెల్లవారగానే సోములమ్మ పెద్ద కుండతో జీపు దగ్గరికొచ్చింది. రెండు క్యానుల నిండా ఊట నీళ్లు, భుజం మీద నల్ల గొంగడి. ఎండలో గొంగడెందుకని జీపులో వాళ్లు నవ్వారు. భీమన్న ముందు సీటు ఖాళీ చేయించాడు.

జీపు స్టాండు ఎదురుగా చీపుర్లు, చింతపండు కొనే కనకమహాలక్ష్మి కొట్టుంది. ఆ అరుగు మీద సోములమ్మ కుండ దించి, నీళ్లు పోసి, గొంగడి తడిపి కుండ చుట్టూ చుట్టింది. తడి గొంగడి చుట్టిన కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి. కొండ మీంచి మోపులతో దిగినవాళ్లని ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని లాగి తాగించింది. దాహం లేదన్నవాళ్లకి కూడా. తువ్వాలు తడిపి నెత్తిన వేసుకోమంది, పన్నెండైతే పని ఆపి నీడలో కూకోమంది, చెమట ఆగిపోతే అది మంచిది కాదని, పరిగెత్తుకుని తన దగ్గరికి రమ్మంది. జ్వరాలకి తిట్టినట్టే ఎండకీ తిడుతోందని, పాత సోములమ్మ తిరిగొచ్చిందని అందరూ సంతోషపడ్డారు.

ఎవరూ లేనప్పుడు కొట్టు యజమానురాలు ఆమెని పరీక్షగా చూసి, నువ్వు చీపుర్ల బుధు భార్యవు కదూ అని అడిగింది. అవునన్నది సోములమ్మ.

"ఆ రోజు ఇక్కడే నిలబడ్డాడమ్మా," అన్నది కనకమహాలక్ష్మి. "మొహం చూస్తే కమిలిపోయి ఉంది. గ్లాసుతో నీళ్లు తెచ్చి చేతికిచ్చాను. తాగవయ్యా అంటే గ్లాసు అరుగు మీద పెట్టేశాడు. ఇంటికెళ్తే మా ఆడది పోస్తాది లేమ్మా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు."

సోములమ్మ అరుగు వైపు చూసింది. గ్లాసు ఎక్కడ పెట్టాడని అడిగింది. కనకమహాలక్ష్మి చూపించింది. అక్కడ ఏమీ లేదు, అరుగే ఉంది. సోములమ్మ కుండని అక్కడికి జరిపింది.

పదకొండు దాటేసరికి ఊట నీళ్లు అయిపోయాయి. ఎండ అప్పుడే ముదురుతోంది. హుకుంపేట వైపు నుంచి వచ్చిన ఒక మనిషి చింతపండు బుట్టలు దించి అరుగు ముందు కూలబడ్డాడు. పెదాలు పగిలి ఉన్నాయి. ఎదురుగా వీధి కుళాయి కారుతూనే ఉంది, దాని వైపు అతను కన్నెత్తి కూడా చూడలేదు. కుండలో ఏమైనా ఉందా అప్పా అని అడిగాడు. ఉందని చెప్పి, కుండ ఎత్తుకుని కొట్టు వెనక్కి వెళ్లింది. అక్కడా ఒక కుళాయుంది. నింపి తెచ్చి, గొంగడి చుట్టి, చెంబుతో ముంచి ఇచ్చింది.

"ఏ నీళ్లప్పా?" అన్నాడు నోటి దాకా ఎత్తి ఆగి.

"పనసగుడ ఊట," అన్నది సోములమ్మ.

అతను చెంబెడూ గటగటా తాగి, ఇంకో చెంబు అడిగి, అది కూడా తాగి, మూతి తుడుచుకున్నాడు. మన నీళ్ల రుచే వేరన్నాడు. అవును మరి అన్నది సోములమ్మ. అతనికి చెమట పట్టడం మొదలైంది, నుదుటి మీద, మెడ మీద. అది ఆగకుండా పట్టేదాకా ఆమె చూస్తూనే ఉంది.

ఇంత చిన్న అబద్ధానికి బుధు కూడా లొంగేవాడేమో. ఆ రోజు ఈ అరుగు దగ్గర ఎవరూ ఆ అబద్ధం ఆడలేదు. ఇంట్లో అబద్ధం అక్కర్లేకపోయింది, నిజం ఊట నీళ్లే కుండ నిండా ఉన్నాయి.

అతను బుట్టలెత్తుకుని నీడ పక్కగా నడిచి వెళ్లిపోయాడు. ఎండకి గొంగడి అప్పుడే అంచుల దగ్గర ఆరిపోతోంది. సోములమ్మ చెంబుతో నీళ్లు తీసి దాని మీద పోసింది, చేత్తో రాస్తూ, మెల్లగా, మనిషికి పోసినట్టు.